ఎండ ఒక్కటే చాలదు: ఆరుబయట సూక్ష్మ శైవలాల పెంపకంపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఆహారపు పొడిగా అమ్మే స్పైరులినా వంటి సూక్ష్మ శైవలాలను (నీటిలో ఎండతో పెరిగే అతిచిన్న జీవులను) ఆరుబయట కుంటల్లో పెద్ద ఎత్తున పెంచడం గురించి అడుగుతూ పాఠకులు రాసిన ఉత్తరాలు చాలా చేరాయి. పెట్టుబడి, అమ్మకం, ధరలకు సంబంధించిన ప్రశ్నలను పక్కన ఉంచి, ఎండ, చలి, వాన, నీరు, గాలి ఈ పంటను ఎలా నడిపిస్తాయో, ఎలా దెబ్బతీస్తాయో అడిగిన ప్రశ్నలను మాత్రమే ఈ సంచికలో తీసుకున్నాం.

ప్రశ్న: మా అనంతపురం జిల్లాలో ఎండకు కొదవ లేదు, వాన తక్కువ, బీడు భూమి కావలసినంత ఉంది. మూడెకరాల్లో స్పైరులినా కుంటలు కట్టాలని అనుకుంటున్నాను. చదరపు మీటరుకు రోజుకు 25 గ్రాముల దిగుబడి ఖాయమని ఒక సలహాదారు చెబుతున్నారు. ఇంత ఎండ ఉన్న మా ప్రాంతంలో అది సాధ్యమేనా?
(ఒక రైతు, అనంతపురం జిల్లా)

జవాబు: ఏడాది పొడవునా ఆ దిగుబడి వస్తుందని నమ్మి పెట్టుబడి పెట్టకండి. బాగా నడిచే కుంటలో అనుకూలమైన కొన్ని రోజుల్లో ఎక్కువ రావచ్చు గాని, అన్ని కాలాలనూ కలిపి చూసుకుంటే ఆరుబయట కుంటల్లో చదరపు మీటరుకు రోజుకు 8 నుంచి 10 గ్రాముల ఎండు స్పైరులినా రావడమే మంచి ఫలితం. ఒక ఎకరంలో దారులు, గట్లు పోగా 3,000 చదరపు మీటర్ల నీటి ఉపరితలం మిగిలిందనుకుంటే, 8 గ్రాముల లెక్కన రోజుకు 24 కిలోలు వస్తాయి. మీ సలహాదారు లెక్కలో అది 75 కిలోలు అవుతుంది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాలోనే ఎన్నో కుటుంబాల అప్పు దాగి ఉంటుంది కనుక ఈ విషయాన్ని కొంచెం వివరంగా చెప్పాలి.

మిట్టమధ్యాహ్నం కుంట మీద పడే వెలుతురులో సుమారు పదోవంతు అందేసరికే స్పైరులినా కణం తన కిరణజన్య సంయోగక్రియ వేగంలో గరిష్ఠ స్థాయికి చేరుకుంటుంది. ఆపైన పడే కాంతిని అది వాడుకోలేదు, కొంత భాగాన్ని వేడిగా వదిలేస్తుంది, మరీ ఎక్కువైతే దాని కాంతిగ్రహణ వ్యవస్థే దెబ్బతింటుంది. మరోవైపు, కుంటలో పైపొరలో ఉన్న శైవలం తన నీడతోనే కింది పొరను కప్పేస్తుంది. చిక్కటి కుంటలో రెండు మూడు సెంటీమీటర్ల కిందికి వెళ్లేసరికి దాదాపు చీకటే. అంటే పైనున్న కణాలు వెలుగు ఎక్కువై, కిందున్నవి వెలుగు చాలక, ఒకే కుంటలో ఒకే సమయంలో ఇబ్బంది పడుతుంటాయి. అందుకే నీటిలోతు 15 నుంచి 25 సెంటీమీటర్లకు మించకుండా ఉంచి, తెడ్ల చక్రంతో సెకనుకు 20 నుంచి 30 సెంటీమీటర్ల వేగంతో నీటిని తిప్పుతూ, పైవి కిందికి, కిందివి పైకి మారేలా చూస్తారు. అమెరికాలో విలియం ఆస్వాల్డ్ మురుగునీటి శుద్ధి కోసం ప్రచారంలోకి తెచ్చిన రేస్‌వే కుంట (పరుగు పందెపు బాటలా నీరు చుట్టూ తిరిగే కుంట) రూపం ఇందుకే నేటికీ నిలిచి ఉంది.

కుంట ఎంత చిక్కగా ఉండాలన్నది కూడా ఎండను బట్టే మారుతుంది. ఒక కర్రకు తెల్లటి పళ్లెం బిగించి నీటిలో ముంచితే, రెండు మూడు సెంటీమీటర్ల లోతులో అది కనబడకుండా పోయినప్పుడు కోతకు వచ్చినట్టు లెక్క. మండు వేసవిలో పలుచని కుంటను ఎండకు వదిలేయడం ప్రమాదకరం. అందుకే కొత్తగా విత్తనపు శైవలం వేసిన మొదటి రోజుల్లో షేడ్ నెట్ కట్టడం తప్పనిసరి అని నేను గట్టిగా చెబుతాను. నెట్‌కు పెట్టిన ఖర్చు ఒక్క కుంట ఎండకు మాడి రంగు కోల్పోకుండా కాపాడినా తిరిగి వచ్చేస్తుంది.

ప్రశ్న: మా ప్రాంతంలో చలికాలం ఉదయాలు పది డిగ్రీల కంటే కిందికి పోతాయి, మధ్యాహ్నం మాత్రం మంచి ఎండ కాస్తుంది. మా స్వయం సహాయక బృందం నడిపే తొట్టెల్లో డిసెంబరు, జనవరి నెలల్లో పెరుగుదల దాదాపు ఆగిపోతోంది. పగలు ఎండ బాగానే ఉన్నా ఇలా ఎందుకు జరుగుతుంది?
(ఒక పాఠకురాలు, ఆదిలాబాద్ జిల్లా)

జవాబు: మీరు గమనించిన విషయం ఈ పంట మొత్తానికీ కీలకమైనది. స్పైరులినాకు అన్నిటికంటే అనుకూలమైన నీటి ఉష్ణోగ్రత 35 నుంచి 37 డిగ్రీల సెల్సియస్. 20 డిగ్రీల కిందికి వస్తే పెరుగుదల బాగా మందగిస్తుంది, ఇంకా తగ్గితే నిలిచిపోతుంది. 20 సెంటీమీటర్ల లోతున్న నీటికి వేడిని దాచుకునే శక్తి తక్కువ. రాత్రంతా ఆ వేడి ఆకాశంలోకి పోగా, తెల్లవారేసరికి నీరు గాలితో పాటే చల్లబడి ఉంటుంది. ఎండ ఏడు గంటలకే వచ్చినా, నీరు 20 డిగ్రీలు దాటేసరికి పది, పదకొండు గంటలు కావచ్చు. ఈ మూడు నాలుగు గంటలూ వృథా కావడమే కాదు, హాని కూడా చేస్తాయి. నీరు చల్లగా ఉన్నప్పుడు కణంలోని ఎంజైములు నెమ్మదిగా పనిచేస్తాయి, కాంతిని పట్టుకునే భాగాలు మాత్రం ఎప్పటిలాగే పట్టుకుంటాయి. పట్టుకున్న శక్తిని ఖర్చు చేసే దారి లేక ఆ వ్యవస్థే దెబ్బతింటుంది. దాని ప్రభావం నీరు వేడెక్కిన తర్వాత మధ్యాహ్నం కూడా వెంటాడుతుంది. చల్లటి ఉదయాన పడే ఎండ, నడివేసవి మధ్యాహ్నపు ఎండకంటే ఎక్కువ నష్టం చేయడం ఇందువల్లే.

కాబట్టి సాయంత్రం సూర్యుడు వాలకముందే తొట్టెల మీద పారదర్శకమైన పాలిథిన్ షీటు కప్పి, పగటి వేడిని నిలపండి. ఉదయం నీరు 20 డిగ్రీలు దాటేదాకా షీటు మీద షేడ్ నెట్ కూడా ఉంచి, ఆ తర్వాత రెండూ తీసేయండి. శైవలాన్ని మామూలు కంటే కొంచెం చిక్కగా ఉంచితే కణాలు ఒకదానికొకటి నీడనిస్తాయి. ఆ నెలల్లో కోత తగ్గించుకోవడంలో తప్పేమీ లేదు.

రాత్రి విషయం కూడా ఇక్కడే చెప్పాలి. చీకట్లో శైవలం శ్వాసక్రియ సాగిస్తూ, పగలు కూడబెట్టిన పిండిపదార్థాన్ని ఖర్చు చేస్తుంది. పరిస్థితిని బట్టి పగలు పెరిగిన బరువులో మూడోవంతు వరకు ఒక రాత్రిలోనే పోవచ్చు. వెచ్చటి రాత్రుల్లో ఈ ఖర్చు ఎక్కువ, చల్లటి రాత్రుల్లో తక్కువ. అందుచేత రాత్రంతా నీరు చల్లగా ఉండి, సూర్యోదయానికల్లా వేడెక్కడమే ఆదర్శం. కాని ప్రకృతి అలా జరగనివ్వదు, నీటిని కృత్రిమంగా వేడిచేసే ఖర్చును పెద్ద కుంటలు భరించలేవు. షీటు కప్పితే రాత్రి నష్టం కొంత పెరిగినా, ఉదయం కలిసివచ్చే గంటల లాభం మీవంటి చలి ప్రాంతంలో దానికంటే ఎక్కువగానే ఉంటుంది.

ప్రపంచంలో పెద్ద స్పైరులినా కుంటలు ఎక్కడ ఉన్నాయో చూసినా ఇదే కనబడుతుంది. కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ వ్యాలీ ఎడారిలో ఎండ విపరీతంగా ఉన్నా, చలికాలంలో అక్కడి కుంటలు కోతను ఆపుకోక తప్పదు. హవాయి దీవుల్లోని కోనా తీరంలో ఉష్ణోగ్రత ఏడాదంతా పెద్దగా మారదు కనుక అక్కడ పన్నెండు నెలలూ కోత సాగుతుంది. ఎడారి ఎండకంటే నిలకడైన వెచ్చదనమే ఈ పంటకు ఎక్కువ మేలు చేస్తుందని నా అభిప్రాయం. స్థలం ఎంచుకునేవారు ఏడాది సగటు ఉష్ణోగ్రతను కాకుండా, జనవరి నెల తెల్లవారుజాము ఉష్ణోగ్రతను ముందుగా చూడాలి.

ప్రశ్న: మాకు తీరానికి దగ్గరలో రొయ్యల చెరువులు ఉన్నాయి. జబ్బుల వల్ల రెండు పంటలు పోయాయి. ఆ చెరువుల్లోనే ఉప్పునీటితో డునాలియెల్లా (ఉప్పునీటిలో పెరిగే ఒక సూక్ష్మ శైవలం) గాని, స్పైరులినా గాని పెంచవచ్చా? రొయ్యల చెరువులో బ్లూమ్ నిలబెట్టడం మాకు అలవాటే.
(ఒక రైతు, నెల్లూరు జిల్లా)

జవాబు: బ్లూమ్ నిలబెట్టే, అంటే నీటికి రంగు వచ్చేలా శైవలాన్ని పెంచి నిలిపే అనుభవం మీకు తప్పకుండా పనికివస్తుంది. ఎండ, ఎరువు, నీటి రంగు మధ్య ఉన్న సంబంధం మీకు కంటితోనే తెలుస్తుంది. అయితే రొయ్యల చెరువులో పలు రకాల శైవలాలు కలిసి పెరిగినా ఫరవాలేదు, ఇక్కడ మాత్రం ఒక్క జాతినే మిగతా వాటన్నిటి నుంచి కాపాడుకుంటూ రావాలి. ఆరుబయట అది సాధ్యమయ్యేది, మిగతా జీవులు బతకలేని నీటిని సృష్టించగలిగినప్పుడే. స్పైరులినాకు ఆ కోట వంటసోడా, అంటే సోడియం బైకార్బోనేట్, దానివల్ల 10కి అటూ ఇటూగా నిలిచే పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత). డునాలియెల్లాకు ఆ కోట ఇక కరగక పేరుకునే స్థాయికి దగ్గరగా ఉండే ఉప్పు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని హట్ లగూన్‌లో వందల హెక్టార్ల ఉప్పునీటి కుంటల్లో, తెడ్ల చక్రాలు కూడా లేకుండా, డునాలియెల్లాను బీటా కెరోటిన్ అనే నారింజ రంగు పదార్థం కోసం పెంచుతున్నారంటే, అక్కడి పొడి వేసవి, తక్కువ వాన, సముద్రపు ఉప్పు మూడూ కలిసి రావడమే కారణం.

మీ దగ్గర అసలు చిక్కు ఈశాన్య రుతుపవనాల వాన. నెల్లూరు జిల్లాలో ఏడాది వర్షంలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు వరకే కురుస్తుంది, అదీ వాయుగుండాల రూపంలో, ఒక్కోసారి రోజులో 100 మిల్లీమీటర్లకు పైగా. 20 సెంటీమీటర్ల లోతున్న కుంట మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే నీటిమట్టం 30 సెంటీమీటర్లవుతుంది. శైవలం, సోడా, నత్రజని, ఉప్పు అన్నీ మూడింట రెండు వంతులకు పలుచబడతాయి. స్పైరులినా పెంపకానికి వాడే, లీటరుకు 16.8 గ్రాముల బైకార్బోనేట్ ఉన్న జారూక్ పోషక ద్రావణం ఒక్క రాత్రిలో 11.2 గ్రాములకు దిగుతుంది. ఖర్చు తగ్గించుకోవడానికి 8 గ్రాములతోనే నడిపేవారి కుంట 5.3 గ్రాములకు పడిపోతుంది, ఆ స్థాయిలో క్లోరెల్లా వంటి ఆకుపచ్చ శైవలాలు లోపలికి చేరి స్థిరపడిపోతాయి. గట్టు ఎత్తు చాలకపోతే పంట పొంగి కాలువ పాలవుతుంది. డునాలియెల్లా కుంటలో ఉప్పు పలుచబడగానే దాన్ని మేసే ఫాబ్రియా వంటి సూక్ష్మ ప్రాణులు విజృంభిస్తాయి. మీ జిల్లాలో ఉప్పు రైతులు వానాకాలంలో మడులు వదిలేసి, మళ్లీ పొడి నెలలు వచ్చాకే పనిలోకి దిగుతారు. డునాలియెల్లా పెంచదలచుకున్నవారు కూడా ఆ క్యాలెండరునే అనుసరించడం మంచిది.

స్పైరులినాకు మాత్రం మీ మట్టి చెరువులు పనికిరావు. బురద లేచి వెలుగును అడ్డుకుంటుంది, మట్టిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సోడాతో కలిసి అడుగున పేరుకుంటాయి, పాత రొయ్యల పంట మిగిల్చిన సేంద్రియ వ్యర్థంలో బ్యాక్టీరియా చేరుతుంది. దాన్ని మనుషులు తినే పదార్థంగా అమ్మాలి కనుక ఇందులో రాజీ పడకూడదు. చెరువులో కొంత భాగాన్ని చదును చేసి, గట్టుతో కలిపి అరమీటరు లోతుండేలా సిమెంటు కుంట కట్టి లేదా మంచి షీటు పరిచి, పై కప్పుతో మొదలుపెట్టండి. తుపాను గాలికి షీటు చిరుగుతుందన్న లెక్క కూడా ముందే వేసుకోండి.

తీరప్రాంతంలో మరో దారి కూడా ఉంది. రొయ్య పిల్లల హేచరీలు కీటోసెరాస్, స్కెలెటోనెమా వంటి శైవలాలను లార్వాల మేత కోసం పెంచుకుంటాయి. మీ అనుభవానికి స్పైరులినా కంటే అదే దగ్గరి పని అని నాకు అనిపిస్తోంది.

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా. బోరు నీళ్లలో కాఠిన్యం, ఫ్లోరైడ్ రెండూ ఉన్నాయి. ఈ నీటితో స్పైరులినా పెంచితే ఏమవుతుంది?
(ఒక జూనియర్ కళాశాల అధ్యాపకుడు)

జవాబు: పంట మొదటి నెలలో బాగానే కనిపించవచ్చు, కష్టం తర్వాత వస్తుంది. ఆరుబయట కుంట నుంచి ఎండాకాలంలో రోజుకు 8 మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుందనుకుందాం. వెయ్యి చదరపు మీటర్ల కుంటలో అది రోజుకు 8,000 లీటర్లు, 150 రోజుల్లో 12 లక్షల లీటర్లు. 20 సెంటీమీటర్ల లోతున ఆ కుంటలో ఉండే నీరే 2 లక్షల లీటర్లు. అంటే ఐదు నెలల్లో కుంట నిండా ఉన్న నీటికి ఆరు రెట్ల బోరు నీరు మీరు దానిలో పోస్తారు. ఆవిరయ్యేది నీరే గాని, నీటిలో కరిగి ఉన్నది కాదు. బోరు నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 2 మిల్లీగ్రాములు ఉంటే, అది ఎటూ పోకుండా నిలిచినట్లయితే, ఐదు నెలల తర్వాత కుంటలో 14 మిల్లీగ్రాములకు చేరుతుంది. తాగునీటిలో గరిష్ఠంగా అనుమతించేది 1.5 మిల్లీగ్రాములే అన్న సంగతి మీ జిల్లా వారికి నేను వేరే చెప్పనక్కరలేదు. ఫ్లోరోసిస్ వల్ల ఎంత బాధ అనుభవించిందో తెలిసిన నేల అది. అక్కడ పండే ఆహారం విషయంలో ఒక ఇసుమంత అజాగ్రత్త కూడా క్షమించరానిది.

కాఠిన్యం, అంటే నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు చేసే నష్టం మరో విధమైనది. పీహెచ్ 10 దగ్గర కాల్షియం కార్బోనేట్‌గా తెల్లగా విరుగుతుంది, భాస్వరాన్ని కూడా తనతో అడుగుకు లాక్కుపోతుంది. ఎరువు వేస్తున్నా శైవలానికి అందదు. ఇనుము కూడా ఇలాగే కరగని రూపంలోకి మారిపోతుంది కనుక దాన్ని కరిగిన రూపంలోనే పట్టి ఉంచే ఈడీటీఏ అనే రసాయనంతో కలిపి వేస్తారు. పైగా స్పైరులినా కణం నీటిలోని భారలోహాలను తనలోకి పీల్చుకునే స్వభావం కలది. అందుకే సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, పాదరసం పరీక్షలు నీటికీ, ఎండబెట్టిన పొడికీ రెండింటికీ చేయించాలి.

మీకు నా సలహా వాననీటి నిల్వ. పైకప్పుల మీద పడిన నీటిని షీటు వేసిన గుంటలో దాచి, వేసవిలో ఆవిరైన నీటిని దానితో భర్తీ చేస్తే లవణాలు పేరుకోవు. ఆ నీటిని సమకూర్చుకోలేని చోట ఈ పంట పెట్టవద్దు.

ప్రశ్న: మా కుంట రెండు రోజుల్లో ఆకుపచ్చ నుంచి పసుపు రంగుకు తిరిగి చచ్చిపోయింది. పక్కనే మొక్కజొన్న, మిరప చేలు ఉన్నాయి. కారణం ఏమై ఉంటుంది?
(ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా)

జవాబు: ఉత్తరం ఆధారంగా కచ్చితంగా చెప్పడం సాధ్యం కాదు గాని, ముందుగా అడగవలసిన ప్రశ్న మొక్కజొన్నకు కలుపు మందు ఎప్పుడు కొట్టారన్నది. అట్రజిన్ వంటి కలుపు మందులు పనిచేసేదే కిరణజన్య సంయోగక్రియను ఆపడం ద్వారా. కలుపు మొక్కను చంపే మందు గాలికి కుంటలో పడితే శైవలాన్నీ చంపుతుంది. మిరపకు కొట్టే పురుగుమందులు పంటను చంపకపోయినా, పొడిలో అవశేషాలుగా మిగిలి, తినేవారి వంట్లోకి చేరతాయి. పిచికారీ జరిగే చేల పక్కన కుంటలు ఉండటం నా దృష్టిలో తగదు. తప్పనప్పుడు గాలి వీచే దిక్కున దట్టమైన కంచె చెట్లు, కుంట మీద కప్పు, పొరుగు రైతుతో పిచికారీ రోజుల గురించి ముందస్తు ఒప్పందం ఉండాలి.

ఇతర కారణాలూ ఉండవచ్చు. యూరియా ఒకేసారి ఎక్కువ వేస్తే, అది విడిపోయి వచ్చే అమ్మోనియా అధిక పీహెచ్ వద్ద విషమవుతుంది. మధ్యాహ్నం తిప్పడం ఆగిపోతే నీటిలో ఆక్సిజన్ సాధారణ స్థాయికి మూడు నాలుగు రెట్లు పెరిగి, ఎండతో కలిసి కణాలను మాడుస్తుంది. కరెంటు కోత పగటిపూట ఉండే చోట ఇది తరచుగా జరుగుతుంది. నీటి చుక్కను సూక్ష్మదర్శినిలో చూడండి: తీగచుట్టలా ఉండే పోగులు ముక్కలై ఉన్నాయా, గుండ్రటి ఆకుపచ్చ కణాలు చేరాయా, శైవలాన్ని మేసే రోటిఫర్లు అనే సూక్ష్మ ప్రాణులు, ఈగ లార్వాలు తిరుగుతున్నాయా అన్నది అక్కడే తెలుస్తుంది. లార్వాలను సన్నటి జల్లెడ వలతో తీయవచ్చు. అపరిచిత నీలి ఆకుపచ్చ శైవలాలు కనబడితే, వాటిలో కొన్ని కాలేయానికి హాని చేసే మైక్రోసిస్టిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి కనుక, ఆ కుంట పంటను అమ్మకుండా పారవేయాలి.

ప్రశ్న: శైవలాల నుంచి డీజిల్ తీస్తారని ఇరవై ఏళ్లుగా వింటున్నాం. టెక్సస్, న్యూ మెక్సికో ఎడారుల్లో ఇంత ఎండ, ఇంత ఖాళీ భూమి ఉండి కూడా ఎందుకు సాధ్యం కాలేదు?
(డాలస్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అమెరికా ఇంధన శాఖ 1978 నుంచి 1996 వరకు నడిపిన అక్వాటిక్ స్పీసీస్ ప్రోగ్రామ్ ఈ ప్రశ్నకే సమాధానం వెతికింది. న్యూ మెక్సికోలోని రాస్‌వెల్‌లో వెయ్యి చదరపు మీటర్ల కుంటలు కట్టి చూశారు. కార్బన్ డయాక్సైడ్‌ను నీటిలోకి ఎక్కించడంలో 90 శాతానికి పైగా సఫలమయ్యారు. ఒక్కో రోజు చదరపు మీటరుకు 50 గ్రాముల దాకా వచ్చింది. కాని ఆ ఎత్తైన ఎడారిలోని చల్లటి వాతావరణం ఆ స్థాయిని నిలకడగా నిలబెట్టనివ్వలేదు. పైగా, ప్రయోగశాలలో ఎంపిక చేసిన నూనె జాతులను ఆరుబయటి కుంటల్లో స్థానిక జాతులు పక్కకు నెట్టేశాయి. స్పైరులినాకు సోడా, డునాలియెల్లాకు ఉప్పు ఉన్నట్టు వాటికి రక్షణ ఏదీ లేదు. కిలో శైవలానికి దాదాపు 1.8 కిలోల కార్బన్ డయాక్సైడ్ కావాలి, గాలిలో ఉన్నది 0.04 శాతమే కాబట్టి దాన్ని వేరే చోటి నుంచి తెచ్చి ఇవ్వాలి. అందువల్ల విద్యుత్కేంద్రం వంటి వనరు దగ్గర, సమతల భూమి, సమృద్ధిగా నీరు, నిలకడైన వెచ్చదనం ఒకే చోట కలిసి రావాలి. కిలో వందల రూపాయలకు అమ్ముడుపోయే ఆహారపు పొడి ఈ ఖర్చులను భరించగలదు, లీటరు డీజిల్ ధరతో పోటీపడవలసిన నూనె భరించలేదు.

ప్రశ్న: కోత తర్వాత మిగిలే పాత కుంట నీటిని పొలానికి పెట్టవచ్చా? నత్రజని ఉంటుంది కదా.
(ఒక రైతు, కడప జిల్లా)

జవాబు: పెట్టకండి. నత్రజని నిజమే, కాని దానితో పాటు లీటరుకు గ్రాముల కొద్దీ సోడియం ఉంటుంది. సోడియం నేలలోని బంకమట్టి కణాలను విడగొట్టి, నీరు ఇంకకుండా చేసి, మంచి నేలను చౌడుగా మారుస్తుంది. చౌడు పట్టిన నేలను బాగుచేయడానికి జిప్సం వేసి ఏళ్ల తరబడి కడగాలి. కోత కోసిన నీటిని వడకట్టి తిరిగి అదే కుంటలో పోయడం సరైన పద్ధతి. చివరకు పారవేయక తప్పనప్పుడు షీటు పరిచిన ఆవిరి గుంటలోకి పంపి, మిగిలిన లవణాన్ని తీసి వేరుగా ఉంచాలి. కుంట నమూనా గీసుకునేటప్పుడే ఆ గుంటకు స్థలం వదులుకోండి, తర్వాత అది దొరకదు.